చదివేవారి వీలే పేజీకి కొలత

 

స్వర్ణోత్సవ కమిటీ వారు నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వెబ్ పేజీల లేఅవుట్లు తయారుచేస్తాను. ఈ బడి పిల్లల్లో కొందరైనా ఈ పని నేర్చుకోవాలని నా కోరిక.

పేజీలో ఏది శీర్షికో, ఏది పేరానో చెప్పేది హెచ్‌టీఎంఎల్. అవి కంటికెలా కనబడాలో చెప్పేది సీఎస్ఎస్, అంటే స్టైల్ షీట్. తొలి రోజుల్లో ఈ రెండూ కలగాపులగంగా ఉండేవి. రంగు మార్చాలంటే ప్రతి పేజీ తెరిచి మార్చాల్సి వచ్చేది. 1994లో సెర్న్ సంస్థలో పనిచేస్తున్న హోకన్ వియుమ్ లీ స్టైల్ షీట్లను ప్రతిపాదించారు. 1996 డిసెంబరులో అవి ప్రమాణంగా వెలువడ్డాయి. ఇప్పుడు ఒక్క ఫైలు దిద్దితే వంద పేజీలు మారతాయి.

నేర్చుకునేవారు ముందు పట్టుకోవలసింది పెట్టె లెక్క. పేజీలో ప్రతిదీ ఒక పెట్టె. దాన్ని మన ఇంటి స్థలం అనుకోండి. ఇల్లు మన విషయం. ఇంటికీ ప్రహరీకీ మధ్య జాగా ప్యాడింగ్. ప్రహరీ గోడ బోర్డర్. పక్కవారి ప్రహరీ దాకా ఉన్న సందు మార్జిన్. వెడల్పు 300 పిక్సెళ్లని రాసి, రెండు పక్కలా 20 చొప్పున ప్యాడింగ్, 5 చొప్పున బోర్డర్ ఇస్తే పెట్టె 350 అవుతుంది. బాక్స్ సైజింగ్‌ను బోర్డర్ బాక్స్‌గా పెడితే అంతా 300లోనే సర్దుకుంటుంది. ఇది వచ్చాక ఒక వరుసలో సర్దడానికి ఫ్లెక్స్‌బాక్స్, అడ్డం నిలువు కలిపి సర్దడానికి గ్రిడ్ నేర్చుకోవాలి.

తెలుగుకు ఇంకో జాగ్రత్త కావాలి. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉన్నాయి. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ హైట్ ఇస్తే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. 1.6 నుంచి 1.8 దాకా ఇస్తే చదవడానికి హాయిగా ఉంటుంది.

ఇదంతా అందం కోసమే కాదు. బస్టాండులో నిలబడి ఫోనులో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపే అమ్మాయికి చివరి బటన్ తెర బయట ఉండిపోతే ఆ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. చూపు తగ్గిన మాస్టారు బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవి పెట్టుకున్నా, మనం సైజును పిక్సెళ్లలో బిగిస్తే అవి పెరగవు. రెమ్ అనే కొలతలో ఇస్తే ఆయన కోరినంత పెరుగుతాయి. రాసినవారి ఇష్టంతో పాటు చదివేవారి ఇష్టానికీ చోటుండాలన్నది స్టైల్ షీట్ల తొలి ప్రతిపాదనలోనే ఉంది.

దీనికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. నోట్‌ప్యాడ్, బ్రౌజర్ చాలు. పిల్లలూ, మొదటి పాఠంగా మీ తరగతి టైంటేబుల్‌ను ఒక పేజీగా చేయండి. దాన్ని ఫోనులో తెరిచి, అక్షరాలు రెండింతలు చేసి మీ తాతగారికో అమ్మమ్మగారికో ఇవ్వండి. వారు ఎవరినీ అడగకుండా చదవగలిగితే మీకు పాఠం వచ్చినట్టే. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడల్లా మిగతా పాఠాలు చెప్పడానికి నేను సిద్ధం.