ఊపిరి బిగబట్టరాదు

గుండుగొలను వారమగు మాకు నీట మునుగుట క్రొత్త గాదు. ఊపిరి బిగబట్టి కొల్లేటి అడుగునుండి పిడికెడు బురద తెచ్చినవాడే మాలో మొనగాడు. ఆ గర్వముతోనే అండమానులలోని స్వరాజ్‌ద్వీపమునకు పోయితిమి.

అచట ఒడ్డుచేరువనే, గోరువెచ్చని నిలుకడనీటిలో, పగడపు దిబ్బలు కలవు. గోదావరీ కృష్ణలు తెచ్చు ఒండ్రునీరు పగడమునకు గిట్టదు. కావున మన డెల్టా తీరమున అవి కానరావు.

1943లో ఫ్రాన్సున కూస్తో, గాన్యాన్ అనువారు పీల్చినంత గాలినిచ్చు పరికరమును నిర్మించిరి. అట్టిదానినే మా వీపునకు కట్టి, “ఊపిరి మాత్రము బిగబట్టకుడు” అని శిక్షకుడు పలుమారులు హెచ్చరించెను. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైదానికి రెట్టింపు. అచట పీల్చిన గాలి పైకి వచ్చుకొలది ఉబ్బును. బిగబట్టినచో ఊపిరితిత్తులు చిట్లవచ్చును. లోతు తక్కువ గదా యనరాదు, ఆ మార్పు ఉపరితలము చేరువనే హెచ్చు. కొల్లేటిలోనన్ననో, పైనుండి కొనిపోయిన గుక్కెడు గాలియే గనుక ఆ భయము లేదు.

ఇంతలో మా ముసుగులోనికి నీరు చేరెను. చిన్ననాటి అలవాటు చొప్పున ఊపిరి బిగబట్టి పైకి ఎగయబోయితిమి! శిక్షకుడు భుజము పట్టి ఆపి, బుడగలు వదలుమని సైగ చేసెను. వదలితిమి. గుండెదడ తగ్గిన పిమ్మట గాని, కొమ్ములవంటి పగడముల నడుమ చారల చేపలు మా కంట బడలేదు.