ఎఱ్ఱని గీతలో బంగారము

జ్వరముతో వణకుచున్న బిడ్డ వ్రేలినుండి ఒక రక్తపుబొట్టు తీసి, సన్నని పట్టీపై ఉంచి, కొన్ని చుక్కల ద్రావణము వేసి పావుగంట వేచియుండిన చాలును. పరీక్ష సరిగా జరిగినదని తెలుపు గీత ఒకటి కనబడును. దాని ప్రక్కన మరియొక గీత తేలినచో మలేరియా కలదని అర్థము. మన మన్యపు పల్లెలలో ఆశా కార్యకర్తలు చేయుచున్న పరీక్ష ఇదియే. ఆ గీత కెంపువన్నె దేనివలన కలిగినదని తలంచెదరు? సాధారణముగా బంగారమువలననే.

పచ్చని బంగారము ఎఱ్ఱనగుట ఎట్లు? అతిసూక్ష్మ కణములుగా నీటిలో నిలిచిన బంగారము కెంపురంగు దాల్చునని 1857లో లండనులో మైకేల్ ఫారడే వివరించెను. మీటరులో నూఱుకోట్లవ వంతు నానోమీటరు. పట్టీలోని కణము సుమారు 40 నానోమీటర్లు. అట్టివి రెండువేలు ప్రక్కప్రక్కన పేర్చినగాని తలవెండ్రుక మందము కాదు.

ఫారడే పరిశీలించినది కాంతిని, రోగమును కాదు. 1951లో టర్కెవిచ్ మొదలగు రసాయనజ్ఞులు సమాన పరిమాణముగల కణములను చేయు మార్గము చూపిరి. 1971లో ఫాక్, టేలర్ అను జీవశాస్త్రజ్ఞులు వానికి ప్రతిరక్షకములను, అనగా యాంటీబాడీలను, అంటించిరి. పట్టీలో జరుగునది ఇదియే. కణమునకు అంటిన ప్రతిరక్షకము మలేరియా జీవి విడుచు మాంసకృత్తును పట్టుకొని, తడితోపాటు ముందుకు సాగి, గీతయొద్ద నాటియున్న మరియొక ప్రతిరక్షకమునకు చిక్కును. కణములు అసంఖ్యాకముగా అచట గుమిగూడగా ఎఱుపు మన కంటబడును.

1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూచినది సూక్ష్మదర్శినితో. నేటికిని సూక్ష్మదర్శిని పరీక్షయే ప్రమాణము. కాని దానికి నేర్పరియగు పరీక్షకుడు కావలెను. అడవిపల్లెలో అతడు దొరకుట అరుదు. ఫాల్సిపేరము జాతి మలేరియా చికిత్స లేనిచో ఒక్కదినములోనే ప్రాణాపాయము కావచ్చును. పట్టీ విలువ అచటనే తెలియును.

అయినను గీతయే సర్వస్వము కాదు. ఫాల్సిపేరము విడుచు ఒక మాంసకృత్తు, జ్వరము నయమైన పిదప కూడ కొన్ని వారములు రక్తములో నిలిచి గీతను చూపవచ్చును. ఆ మాంసకృత్తును చేయు జన్యువే లేని జీవులు పెరూ దేశములో ఉన్నట్లు 2010లో వెల్లడియైనది. అట్టిచోట, దానిపైననే ఆధారపడిన పట్టీలో రోగమున్నను గీత తేలకపోవచ్చును. భౌతికజ్ఞుడు రంగును, రసాయనజ్ఞుడు కణమును, జీవశాస్త్రజ్ఞుడు ప్రతిరక్షకమును ఇచ్చిరి. జన్యుశాస్త్రజ్ఞుడు లోపమును చూపెను. వీరిలో ఏ ఒక్కరును ఒంటరిగా ఈ పనిని సాధింపజాలరు.

కావున గీత తేలలేదని నిశ్చింతగా ఉండరాదు. జ్వరము విడువనిచో వైద్యుని చూచి, మరల రక్తపరీక్ష చేయించుకొనుట క్షేమకరము.