పుట్టే బిడ్డ భారమా, అమానతా?

 

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త ముహమ్మద్ (స)పై దరూద్ సమర్పించిన అనంతరం నేటి విషయానికి వద్దాము.

మన అరసవల్లికి రథసప్తమి నాడు పొరుగు జిల్లాల నుండి, ఒడిశా నుండి యాత్రికులు వేలాదిగా తరలివస్తారు. తాగునీరు, నీడ, క్రమమైన వరుసలు ముందుగా సమకూర్చిన చోట ఆ జనం సాఫీగా సాగిపోతుంది. సమకూర్చని చోట ముసలివారు, పసిపిల్లలు సొమ్మసిల్లుతారు. జనం అదే, నేల అదే. తేడా అంతా ఏర్పాటులోనే ఉన్నది. ప్రపంచ జనాభాను గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022 నవంబరు 15న ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరింది. జనం పెరిగినంత వేగంగా తిండి పెరగదని 1798లోనే మాల్థస్ అనే ఆంగ్ల మతాచార్యుడు హెచ్చరించాడు. ఆయన కాలం నుండి నేటికి జనాభా సుమారు ఎనిమిది రెట్లయింది. పంట అంతకన్నా ఎక్కువే పెరిగింది. అయినా ఆకలి పోలేదు. కొరత గింజలో కాక పంపకంలో ఉన్నదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

పేదరికానికి భయపడి సంతానాన్ని చంపుకోవడాన్ని దివ్య ఖుర్ఆన్ ఘోరపాపంగా నిషేధించింది. ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనని బోధించింది. అయితే ఆ బోధను చేతులు ముడుచుకోవడానికి అనుమతిగా భావించరాదు. బిడ్డకు తల్లి రెండేళ్లు పాలివ్వడం గురించి, పాలు మాన్పించడంలో భార్యాభర్తల పరస్పర సంప్రదింపు గురించి చెప్పినది కూడా ఆ గ్రంథమే. కాన్పుల మధ్య ఎడమ ఉండడం తల్లికీ బిడ్డకూ మేలన్న వైద్యుల మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. ప్రవక్త (స) కాలంలో సహాబాలు అజ్ల్ పాటించినట్లు, దానిని వారు వారించనట్లు సహీహ్ హదీసులలో ఉన్నది. భార్య సమ్మతి ఉంటే అది ధర్మసమ్మతమేనని అనేకమంది ఫిఖహ్ పండితులు తీర్పు చెప్పారు.

ఇక మనపై తరచుగా వినిపించే ఒక నింద. ముస్లిముల సంఖ్య హద్దు లేకుండా పెరుగుతున్నదని అంటారు. కోపగించుకోకుండా లెక్క చూపుదాము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో దేశంలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలని చెప్పింది. 2019-21 నాటికి ఆ సంఖ్య 2.4కు దిగింది. ఏ మతవర్గంలోనూ ఇంతటి తగ్గుదల లేదు. అదే సమయంలో, సంఖ్యాబలం కోసం పిల్లలను కనండని మనలోనే కొందరు చేసే ఉద్బోధను కూడా మేము అంగీకరించము. బిడ్డ ఎవరికీ ఓటు కాడు, ఎవరి పోటీకీ పావు కాడు.

ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఈ సగటు 1.7 మాత్రమే. తరం నిలవడానికి కావలసిన 2.1 కన్నా ఇది తక్కువ. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీ చేయరాదన్న పాత నిబంధనను శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. నిన్నటి దాకా వద్దన్నవారే నేడు కనమంటున్నారు! మన శ్రీకాకుళం జిల్లా జనాభా 2001-2011 మధ్య పదేళ్లలో పెరిగినది ఆరున్నర శాతమే. వెయ్యిమంది పురుషులకు 1,015 మంది స్త్రీలున్నారు. వలస వెళ్లిన కొడుకుల జాడ ఈ లెక్కలో కొంత కనిపిస్తుంది. మన మత్స్యకారులు సుదూరాన గుజరాత్‌లోని వెరావల్ వరకు పోయి పడవలెక్కుతారు. వారిలో కొందరు పాకిస్తాన్ చెరలో ఏడాదికి పైగా మగ్గి 2020 జనవరిలో విడుదలయ్యారు. వెనుక మిగిలిన వృద్ధులకు అన్నం పెట్టేదెవరు, ఆసుపత్రికి తీసుకుపోయేదెవరు? మన జకాత్ పంపకంలో ఒంటరి వృద్ధుల పేర్లు ఎన్ని ఉన్నాయో మసీదు పెద్దలు చూడాలి.

మరొక లెక్క మనసును కలచివేస్తుంది. అదే సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. చదువు ఆగిన బాలిక త్వరగా తల్లి అవుతుంది, రక్తహీనతతో కంటుంది. పిల్లల సంఖ్యపై వాదించే మగవారు ఈ బాలికల మాట ఎత్తరు. మన వీధిలో పదవ తరగతి తరువాత బడి మానిన ఆడపిల్లలున్నారేమో ఈ వారమే విచారించండి.

నేటి అవసరం తీరాలి, రేపటి తరాల వాటా చెడరాదు. 1987 నుండి ప్రపంచం దీనిని సుస్థిరాభివృద్ధి అని పిలుస్తున్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఇరాక్‌లోని సవాద్ భూములను సైనికులకు పంచిపెట్టలేదు. ఇప్పుడే పంచితే తరువాత వచ్చేవారికి ఏమి మిగులుతుందని ఆలోచించి, వాటిని సాగుదారుల చేతిలోనే ఉంచి పన్ను విధించారు. ఆయనతో పెద్ద సహాబాలే వాదించారు. చివరకు పుట్టబోయేవారి హక్కే నిలిచింది.

మన జిల్లాలో ఆ హక్కు నీటి రూపంలో ముందు నిలుచున్నది. కొబ్బరి, జీడితోటలతో పచ్చగా ఉండే ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి వేలాది కుటుంబాలను కూల్చింది. కారణం కచ్చితంగా తేలలేదు. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని అక్కడికి తీసుకుపోయే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. డయాలసిస్ మంచం మీద ఉన్నవారికి బిందెడు మంచినీరు ఎంత విలువైనదో మనం ఊహించలేము.

ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉన్నది. ముద్ద్ అంటే ముప్పావు లీటరుకు మించదు. మన వుజూఖానాలో కుళాయి విప్పి కబుర్లాడే సోదరులు ఆ కొలతను ఒకసారి తలచుకోవాలి. మసీదు కమిటీ వారు కారే కుళాయిలను మార్పించి, వుజూ నీటిని ఆవరణలోని చెట్లకు మళ్లిస్తే బాగుంటుంది. ఖర్చుకు చందా ఇవ్వదలచినవారు నమాజు తరువాత ఆగండి.

ఓ అల్లాహ్! ఉద్దానంలోని రోగులకు స్వస్థత ప్రసాదించు. దూరాన కష్టించే మా పిల్లలను క్షేమంగా ఇంటికి చేర్చు. మా తల్లులకు సులువైన కాన్పునూ, మా బిడ్డలకు పరిశుద్ధమైన నీటినీ అనుగ్రహించు. ఆమీన్.