బడిపిల్లలు – నవలాపఠనము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు బాలబాలికలచే నవలలను ఎట్లు చదివింపవలెనో చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను ఉపాధ్యాయుడను గాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. భారత భాగవతములను గురుముఖమున గాక నిఘంటువు సాయమున చదువుకొన్నవాడను. కావున శాస్త్రము చెప్పబోను. చేయదగిన పనిని మాత్రము మనవి చేసెదను.

నేటి తెలుగు వాచకములలో పాఠముల చివర ‘ప్రాజెక్టు పని’ అను శీర్షిక యుండుట మీరెరిగినదే. పిల్లవాడు తాను చదివినదానిని తన చేతితో మరియొక రూపమున నిలుపవలెనన్నది దాని యుద్దేశము. ఉద్దేశము మంచిది. కాని పెక్కుచోట్ల జరుగుచున్నదేమి? అంగడిలో బొమ్మలు కొని అట్టపై అంటించుట, సెల్‌ఫోనులో దొరికిన నాలుగు వాక్యములను చూచి వ్రాయుట, సంతకము చేయించుకొనుట. పుస్తకము తెరువకయే పుస్తకమునుగూర్చిన పని ముగియుచున్నది! సరకు రాకయే చిట్టాలో జమ పడుట యనిన నిదియే.

చదివినదానినుండి వేరొక వస్తువును నిర్మించుట మనకు క్రొత్త గాదు. దేవాలయ మండపమున పురాణము చెప్పువాడు చదువును, అర్థము చెప్పును, వినువారు సందేహము లడుగుదురు. ఆ రామాయణమే తోలుబొమ్మలాటగాండ్ర చేతిలో తోలుపై బొమ్మయగును, హరిదాసు నోట పాటయగును, యక్షగానమున వేషమగును. ఒక గ్రంథమును ఊరంతయు కలిసి అనుభవించు పద్ధతి మనవారికి వెన్నతో పెట్టిన విద్య. బడిలో నేడు కోరుచున్నదియు అదియే. పేరు మాత్రము పరాయిది.

ఇక ఏ నవలను గ్రహింపవలెను? కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకముగా వెలువడినది. అది ఘనమైనది, కాని దాని భాష ఆరవ తరగతి బాలునకు బరువు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘గణపతి’ నవ్వించును. నా మట్టుకు మొదట చదివింపదగినది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టర్ పార్వతీశం’. దాని మొదటి భాగము 1924లో వెలువడినది. తరువాతి భాగములు రెండును పెద్ద తరగతులవారికి విడువవచ్చును.

మొగల్తూరు చిన్నవాడొకడు బారిష్టరు కావలెనని ఇంటివారికి చెప్పకయే సీమకు బయలుదేరుటయు, దారిలో పడిన పాట్లును కథ. తన కథను తానే చెప్పుకొనును. దేశసంచారము చేయు యువకుల కథలు మనకు పాతవే. తిక్కనసోమయాజికి అంకితముగా కేతన రచించిన ‘దశకుమార చరిత్రము’ అట్టిదే గదా. అయితే ఆ రాకుమారులు సాహసముచే గెలుతురు. మన పార్వతీశము తెలియమిచే చిక్కుకొని, మంచితనముచే బయటపడును.

ఈ పుస్తకముతో చేయింపదగిన పనులు నాలుగు చెప్పెదను.

మొదటిది పటము. మొగల్తూరునుండి కాలువమీద పడవలో నిడదవోలు, అచ్చటినుండి రైలులో మదరాసు, పిమ్మట కొలంబో, ఓడపై మార్సేల్సు, పారిసు, లండను, ఎడింబరో. పిల్లలు పెద్ద కాగితముపై ఈ దారిని గీయవలెను. గీయునప్పుడు ప్రశ్నలు పుట్టును. రైలునకు పోవుటకు పడవ యేల? 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్టనుండి తీసిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకును దారులయ్యెను. ఓడ ఆఫ్రికాఖండమును చుట్టిపోదేల? 1869లో సూయజు కాలువ తెరువబడుటచేత. ఒక నవల దారి గీచిన బాలునకు భూగోళమును, చరిత్రయు అడుగకయే వచ్చును.

రెండవది జమాఖర్చు. ఇది నా వృత్తికి చెందినది గాన కొంచెము సాగదీసిన క్షమింపుడు. పుస్తకమున సొమ్ము పేర్కొన్న చోటులనెల్ల పిల్లలు ఏరి, తేదీ తెలియకున్నను వరుస తప్పక పద్దులు వ్రాయవలెను. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చువరకు మన లెక్క అది. అవతల పౌనునకు 20 షిల్లింగులు, షిల్లింగునకు 12 పెన్నీలు. మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు పౌనునకు 15 రూపాయలు మారకము. అనగా పౌనులో 240 పెన్నీలు, 15 రూపాయలలో 240 అణాలు. అణాయును పెన్నీయును సరిసమానము! ఈ లెక్క తానే కనుగొన్న పిల్లవాని ముఖము చూడవలెను. ఇంతకంటె ముఖ్యమైన దేమనగా, పద్దుకొరకు ప్రతి వాక్యమును వెదకి చదువవలసి వచ్చును. కథకొరకు ఒకసారి, పద్దుకొరకు రెండవసారి.

మూడవది మాటల చిట్టా. అర్థము కాని మాట తగిలినప్పుడు మూడు గడులు నింపవలెను: మాట, సందర్భమునుబట్టి తాను ఊహించిన అర్థము, పెద్దలు చెప్పిన అర్థము. 1885 నాటి ‘శబ్దరత్నాకరము’ మన బీరువాలో నున్నది; చూపింపుడు. అందు దొరకని వాడుకమాటలకు పడవ నడిపినవారి మనుమలను, వంటయింటి ముసలమ్మలను అడుగవలెను. ఇట్లడుగుటచే పిల్లలకు పెద్దలతో మాటలు కలియును. ఊహించిన అర్థము తప్పినను కొట్టివేయింపరాదు. ఆ గడి యట్లే యుండవలెను. బుద్ధి నడచిన దారి అచ్చటనే కనబడును.

నాలుగవది ఉత్తరము. పార్వతీశము చెప్పక వెడలిపోయెను. ఇంటిలో తల్లి యేమనుకొనును? తండ్రి యేమని వ్రాయును? ఆ యుత్తరమును పిల్లలు వ్రాయవలెను. కథ చెప్పువాని నోటినుండి విన్నదానిని ఇంట మిగిలినవారి కన్నులతో చూచుట యిందు శిక్షణ. వ్యాకరణ దోషములు తరువాత దిద్దవచ్చును. తల్లి గుండె యుత్తరములో నున్నదా లేదా యన్నది మొదట చూడవలెను.

ఈ పనులన్నిటికిని ఒక్కటే నియమము. వోచరు లేని ఖర్చు లెక్కలో చెల్లదు. పుట సంఖ్య లేని మాట ఈ పనిలో చెల్లరాదు. పటముపై నొక ఊరు గుర్తించిన, ఏ పుటలోనిది? చిట్టాలో నొక పద్దు వ్రాసిన, ఏ పుటలోనిది? మూలము లేనిదేదియు వ్రాయనని మల్లినాథసూరి తన వ్యాఖ్యానముల మొదట ప్రతిజ్ఞ చేసెను. అంతటి పండితుడు తనకు విధించుకొన్న నియమము మన పిల్లలకు భారము కానేరదు. ఈ నియమమున్నచో అంగడి అట్టయు, ఫోనులోని వాక్యములును వానియంతట అవియే తొలగిపోవును.

‘పరీక్షల చదువునకు కాలము చాలకున్నది, నవలలెందుకు?’ అని తల్లిదండ్రులు కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. దినమునకు పది పుటలు చాలును, అరగంట పని. తానుగా చదివి అర్థము చేసికొన నేర్చిన పిల్లవానికి తక్కిన పాఠములును తేలికయగును. బట్టీపట్టినది పరీక్షతో పోవును.

దీనికంటె గట్టి కారణము మరియొకటి గలదు. మన పిల్లలు పదవ తరగతి కాగానే పట్టణములకు పోవుచున్నారు. అచ్చట తమ మాటకు, తమ కట్టుకు, తమ ఊరి పేరుకు సిగ్గుపడుచున్నారు. పార్వతీశము మదరాసులో ఆడవారి టోపీ కొని నెత్తిన పెట్టుకొనును. చదువరి నవ్వును. కాని ఆ నవ్వు ఎవరిది? తన తెలియమిని తానే విప్పిచెప్పి మనలను నవ్వించువాడు అతడే గదా! తన్ను చూచి తాను నవ్వగలవానిని పరులు నవ్వి క్రుంగదీయలేరు. ఈ మాటను ఉపదేశముగా చెప్పిన పిల్లలు వినరు. పార్వతీశముతో కలిసి లండను వరకు ప్రయాణము చేసి, వాని పద్దులు వ్రాసి, వాని తల్లి పేర ఉత్తరము వ్రాసిన బాలిక రేపు పట్టణమున బస్సు దిగునప్పుడు తల దించుకొనదు. ఊరి గ్రంథాలయము ఊరి పిల్లలకు ఇయ్యదగిన కట్నమిదియే యని నా నమ్మకము.

చివరకు మూడు మనవులు. కార్యవర్గమువారు ఈ నవల ప్రతులు ఐదు కొని ప్రత్యేకముగా నుంచవలెను. ఒక్క ప్రతితో ముప్పదిమంది చదువలేరు. ఉపాధ్యాయులు శనివారము సాయంకాలము ఒక గంట పిల్లలను ఇచ్చటికి తీసికొనిరావలెను. పెద్దలు పిల్లలు మాట అడుగవచ్చినప్పుడు విసుగుకొనక చెప్పవలెను. పటములను, చిట్టాలను ఈ గోడలకు వ్రేలాడదీయుదము. లెక్కలు సరిచూచు పని, కోరినచో, నాకు విడువుడు. జీతము లేకుండ చేసెదను.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము చేసికొను నాటికి నేటి బాలబాలికలే ఈ వేదికపై నిలిచి మాటలాడుదురు గాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.