క్రాస్‌బో కొనాలా? నారి లాగడం, చెట్టెక్కడం, మన చేలో పందులు

చీరాల నుంచి మీ అన్న మళ్లీ వచ్చేశాడు. ఈ ఎపిసోడ్ ఒక తమ్ముడి మెసేజ్ వల్ల చేస్తున్నా. వాళ్లది పర్చూరు వైపు పల్లె. "అన్నా, రాత్రిళ్లు అడవి పందులు మా మొక్కజొన్న తొక్కేస్తున్నాయి. అమెరికా వీడియోల్లో చెట్టు మీద కూర్చుని క్రాస్‌బోతో కొడుతున్నారుగా, ఏది కొనాలి, ఎలా లాగాలి?" అని అడిగాడు. రెండూ చెప్తా. కానీ చివరిదాకా విను తమ్ముడూ, నీకు పనికొచ్చే మాట అక్కడుంది.

నాకెలా తెలుసంటారా? బీటెక్ అయ్యాక ఉద్యోగం మీద రెండేళ్లు ఒహాయోలో ఉన్నా. అక్కడ జింకల వేటకి లైసెన్స్ ఉంటుంది. విల్లు సీజన్ సెప్టెంబర్ చివర్లో మొదలై ఫిబ్రవరి మొదట్లో అయిపోతుంది. మా టీమ్‌లో ఒకాయన పాత వేటగాడు. నేను వేటాడలేదు. ఆయన పెరట్లో టార్గెట్ మీద వేశా, ఆయనతో పాటు చెట్టెక్కి కూర్చున్నా, అంతే.

ముందు ఎంపిక. డబ్బా మీద పెద్ద అక్షరాలతో స్పీడ్ రాసి ఉంటుంది. అందరూ దానికే పడిపోతారు. మీరు చూడాల్సింది డ్రా వెయిట్, అంటే నారిని వెనక్కి లాగడానికి పట్టే బలం. వేట క్రాస్‌బోల్లో ఇది చాలావరకు 150 నుంచి 200 పౌండ్ల మధ్య ఉంటుంది. 150 పౌండ్లంటే 68 కిలోలు. బియ్యం బస్తా కంటే ఎక్కువ బరువుని రెండు చేతులతో పైకి లాగినట్టు. అది మీ నడుము వల్ల అవుతుందా? ఇది మొదటి ప్రశ్న.

రెండోది, రకం. రికర్వ్ రకం సాదా విల్లు, నారి తెగితే మనమే మార్చుకోవచ్చు. కాకపోతే వెడల్పు ఎక్కువ. కాంపౌండ్ రకానికి చివర్లలో చక్రాలుంటాయి, సన్నగా ఉంటుంది, చెట్టు మీద ఇరుకులో తిప్పుకోవడం తేలిక. కానీ నారి మార్చాలంటే ప్రెస్ ఉన్న షాపుకి పోవాల్సిందే. మూడోది, బాణం. దీన్ని బోల్ట్ అంటారు. కంపెనీ చెప్పిన బరువు, కంపెనీ చెప్పిన నాక్ మాత్రమే వాడాలి. నాక్ అంటే బాణం వెనక నారి ఆనే భాగం. బాణం మరీ తేలికైనా, నాక్ తప్పినా, ఖాళీ విల్లు పేల్చినట్టే. ఆ శక్తి బాణంలోకి పోక విల్లు మీదే పడుతుంది. విల్లు విరగొచ్చు, ముక్కలు మన మొహం మీదకి రావొచ్చు.

ఇప్పుడు నారి లాగడం. ముందున్న ఇనుప రింగులో పాదం గట్టిగా పెట్టి, నారిని లాచ్‌లో పడేదాకా లాగాలి. ఒట్టి చేతులతో లాగితే ఒక పక్క కాస్త ఎక్కువ వస్తుంది, దాంతో బాణం పక్కకి పోతుంది. అందుకే కాకింగ్ రోప్ వాడతారు. రెండు కొక్కేలు, చిన్న కప్పీలు ఉన్న తాడది. బలం సగానికి తగ్గుతుంది, బదులుగా తాడు రెట్టింపు దూరం లాగాలి. ఇంటర్ ఫిజిక్స్ గుర్తొచ్చిందా? అంతకన్నా తేలిక కావాలంటే చేత్తో తిప్పే క్రాంక్ ఉంటుంది. టైమ్ పడుతుంది, బరువు కూడా.

లాచ్ పడగానే సేఫ్టీ ఆన్‌లో ఉందా చూడాలి. నేను మొదటిసారి లాగి, గర్వంగా గురి పెట్టా. ఆయన ట్రిగ్గర్ మీద నా వేలు చూడలేదు, నా ఎడమ బొటనవేలు చూశాడు. అది పట్టు పైకి, నారి పోయే దారిలోకి వచ్చేసింది. గబుక్కున చెయ్యి పట్టుకుని కిందకి లాగేశాడు. ఇంకో క్షణం ఆగితే ఈ వేలుతో మీకిప్పుడు బై చెప్పేవాణ్ణి కాదు. ఆ రోజంతా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

చెట్టు దగ్గర రూల్స్ ఇంకా గట్టివి. నేల మీదే నారి లాగాలి, బాణం పెట్టకూడదు. ఒంటికి పూర్తి హార్నెస్ కట్టుకుని, నేల మీద నుంచే తాడుకి తగిలించుకుని ఎక్కాలి. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కడం నిషేధం. పైన కుదురుగా కూర్చున్నాక తాడుతో పైకి లాక్కోవాలి, మొన కిందకి ఉండాలి. బాణం పెట్టేది అప్పుడే. విల్లు చేతులు మానుకో, రెయిలింగ్‌కో తగలకుండా ఖాళీ ఉందా చూడాలి. దిగేటప్పుడు బాణం తీసి, విల్లుని తాడుతో దించి, కిందకొచ్చాక పాత బాణం ఒకటి టార్గెట్‌లోకి వేసి ఖాళీ చేయాలి.

సరే తమ్ముడూ, ఇప్పుడు నీ చేను. ఇక్కడ మాత్రం ఇది చేయకు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే విల్లు, బాణాలు ఉన్నాయి. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. సొంతంగా వేటాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పంట నష్టం చేసే జంతువు మీద అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప ఎవరూ కొట్టకూడదు.

చట్టం పక్కన పెట్టినా ఇంకో సంగతి. ఒహాయోలో సూర్యాస్తమయం అయిన అరగంట తర్వాత జింక మీద బాణం వేయడానికి వీల్లేదు. నీ పందులొచ్చేది నడిరేయి. ఆ టైమ్‌లోనే పక్క చేలో ఎవరో మోటార్ ఆన్ చేయడానికి వస్తారు. చీకట్లో కదిలింది పందా, బాబాయా? దెబ్బ తిన్న పంది చావకుండా తిరగబడితే నువ్వు ఏం చేస్తావ్? అలాగని కంచెకి కరెంటు తీగ నేరుగా కలపడం మరీ ఘోరం. దానికి చచ్చేది మన మనుషులే.

మా తాత మంచె మీద వడిసెల పెట్టుకుని పిట్టల్ని తోలేవాడు. రాత్రైతే డబ్బా కొట్టేవాడు. ఆయన పని చంపడం కాదు, తోలడం. ఇప్పుడు సోలార్ కంచె ఉంది, దాని షాక్ కొడుతుంది కానీ చంపదు. పంట పోతే ఫొటోలు తీసి అటవీ శాఖ ఆఫీసులో అర్జీ పెట్టు. ఊరంతా కలిసి పెడితే ఇంకా బలం.

విల్లు మీద మోజు మాత్రం వదలకు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతోనే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3 బంగారు పతకాలు తెచ్చింది. ఆ పోటీల్లో 60 పౌండ్లకి మించకూడదు, దూరం 50 మీటర్లు. చీరాలలో రైలెక్కితే విజయవాడ ఎంతసేపు? కోచ్ పక్కనుంటాడు, ముందు టార్గెట్ ఉంటుంది, బొటనవేలు ఎక్కడుండాలో అరిచి చెప్పేవాళ్లుంటారు. నన్ను కాపాడింది అలాంటి ఒక్క మనిషే.

చేను జాగ్రత్త, వేళ్లు ఇంకా జాగ్రత్త. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!