వెలివేత, మత్తు, మనోవ్యాధి

త్రాగుడును గూర్చి మన యిండ్లలో మాట వచ్చినపుడు "చెడు సావాసము" అని ఒక్క మాటతో తేల్చివేయుట పరిపాటి. మనోవ్యాధి విషయమున ఆ ఒక్క మాటయు పలుకము. ఈ రెండును తక్కినవారికంటె హెచ్చుగా పీడించుచున్న జనము ఒకటి కలదు. పురుషునిపై అనురాగము గల పురుషులు, స్త్రీపై అనురాగము గల స్త్రీలు స్వలింగానురక్తులు. ఉభయులయందును అనురాగము కలుగువారు ఉభయానురక్తులు. వీరి ప్రస్తావన మన లోగిళ్ళలో పరిహాసమునకో, తిట్టునకో తప్ప రాదు. అందుచేత ముందుగా కొన్ని అంకెలను శ్రోతల ముందుంచుచున్నాము.

అమెరికా ప్రభుత్వము మత్తు పదార్థముల వాడుకను గూర్చి ఏటేట ఇంటింటి సర్వే జరిపించును. 2015లో మొదటిసారిగా అందు వయోజనుల అనురక్తిని గూర్చియు ప్రశ్న చేర్చిరి. జవాబు ఎదుటి మనిషికి చెప్పనక్కరలేదు. ఎవరికి వారు కంప్యూటరులో నమోదు చేసికొనవచ్చును. స్వలింగానురక్తులు, ఉభయానురక్తులు అయిన వయోజనులలో నూటికి 39 మంది ఆ ఏడాది కాలములో గంజాయి మొదలగు నిషిద్ధ పదార్థములను వాడినట్లు తేలినది. తక్కినవారిలో అట్టివారు 17 మంది. ఏదో ఒక మనోవ్యాధికి లోనైనవారు వీరిలో నూటికి 37 మంది, వారిలో 17 మంది. సిగరెట్టు త్రాగువారును వీరిలోనే హెచ్చు. వీరిలోను ఉభయానురక్తులైన స్త్రీల భారము మరింత ఎక్కువయని పలు పరిశోధనలు చెప్పుచున్నవి. ఇటువారు తమవారనక, అటువారు తమవారనక, వారు రెండు గడపల నడుమ నిలిచిపోవుదురు.

నూటికి 37 మంది వ్యాధిగ్రస్తులన్నచో 63 మంది ఆరోగ్యముగ ఉన్నారనియు అర్థమే. ఈ సగము లెక్కను చాలమంది చదువరు. చదువనందుననే, ఆ అనురక్తియే రోగము, మత్తు దాని లక్షణము అను వాదము బయలుదేరుచున్నది. ఈ వాదమునకు 1957లోనే గట్టి దెబ్బ తగిలినది. ఎవెలిన్ హుకర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు చికిత్సాలయముల వెలుపల, సమాజములో మామూలుగా జీవించుచున్న ముప్పదిమంది స్వలింగానురక్త పురుషులను, ముప్పదిమంది ఇతర పురుషులను పరీక్షించి, ఎవరు ఎవరో తెలియనీయకుండ ఆ పత్రములను నిపుణుల ముందుంచెను. మానసిక స్థైర్యమునుబట్టి వారిని వేరుచేయుట నిపుణుల తరము కాలేదు. అమెరికా మనోవైద్యుల సంఘము 1973లో స్వలింగానురక్తిని వ్యాధుల జాబితానుండి తొలగించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఆ పని చేసినది.

రోగము అనురక్తిలో లేనిచో ఈ అంకెలు ఎక్కడనుండి వచ్చినవి? ఇలాన్ మేయర్ అను పండితుడు 2003లో ప్రకటించిన వ్యాసమున దీనికి విపులమైన సమాధానమొసగెను. అల్పసంఖ్యాకులు మోయు ఒత్తిడి సామాన్యులు మోయు ఒత్తిడికి పైబడినదని ఆయన సిద్ధాంతము. ఉద్యోగము, అప్పు, చావుపుట్టుకలు అందరికిని ఉన్నవే. వీటికితోడు నలుగురిలో తిరస్కారము, ఎప్పుడు ఎవరికి తెలియునో అను భయము, మనసును నిత్యము కప్పిపుచ్చుకొను శ్రమ, లోకము తన్ను గూర్చి అనుమాటలనే తానును నమ్ముట అను నాలుగు బరువులు వీరికి అదనము. ఇంటికి వచ్చి చొక్కా విప్పినట్లు ఈ బరువును విప్పి కొక్కెమునకు తగిలించుటకు వీలులేదు. అసలు దాచవలసినది ఇంటిలోనివారినుండియే గదా!

ఈ మాట ఊహామాత్రము కాదనుటకు ఒక నిదర్శనము. 2004, 2005 సంవత్సరములలో అమెరికాలోని పలు రాష్ట్రములు వివాహము స్త్రీపురుషుల నడుమ మాత్రమేయని తమ రాజ్యాంగములను సవరించినవి. అంతకు ముందొకసారి, ఆ సమయమున మరియొకసారి అవే మనుష్యులను ప్రశ్నించిన ఒక జాతీయ పరిశీలన లభ్యమై యుండుటచే, హాట్జెన్‌బ్యూలర్ అను పరిశోధకుడు రెండింటిని పోల్చి 2010లో ఫలితములను వెల్లడించెను. ఆ రాష్ట్రములలోని స్వలింగ, ఉభయానురక్తులలో కుంగుబాటు మొదలగు వ్యాధులు సుమారు 37 శాతము, త్రాగుడు వ్యసనము సుమారు 42 శాతము పెరిగినవి. అవే రాష్ట్రములలోని ఇతరులలో ఇంతటి పెరుగుదల లేదు. మనుష్యులు వారే, అనురక్తియు అదియే. మారినది చుట్టునున్న లోకము వారితో అన్న మాట.

మత్తు వైపే ఏల మొగ్గుదురు అను ప్రశ్నకు చరిత్రలోను కొంత జవాబున్నది. 1960 ప్రాంతమున అమెరికా నగరములలో వీరు కలిసికొనుటకు బారు తప్ప వేరు చోటు అరుదు. అక్కడనైన నిశ్చింత లేదు. న్యూయార్కులోని స్టోన్‌వాల్ ఇన్‌పై 1969 జూన్ 28న పోలీసులు దాడి జరుపగా అక్కడివారు ఎదురుతిరిగిన సంగతి జగద్విదితము. ఒక స్నేహితుని చూడవలెనన్న చేత గ్లాసు పట్టి కూర్చుండవలసిన స్థితి కొన్ని తరములు నడచినపుడు, ఆ అలవాటును వట్టి దుర్గుణమనుట న్యాయముగ తోచదు.

ఇక ఇంటి సంగతి. దీనిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసి యున్నది. కాలిఫోర్నియాలో కైట్లిన్ రయన్, ఆమె సహచరులు 21 మొదలు 25 ఏండ్ల వయసుగల స్వలింగ, ఉభయానురక్తులు 224 మందిని, కౌమారమున తలిదండ్రులు తమతో ఎట్లు మెలగిరో అడిగి తెలిసికొని 2009లో ప్రకటించిరి. కుటుంబము తీవ్రముగ తిరస్కరించినవారిలో ఆత్మహత్యా ప్రయత్నము చేసితిమని చెప్పు సంభావ్యత, తిరస్కారము లేనివారు లేక స్వల్పముగ గలవారితో పోల్చగా ఎనిమిది రెట్లకు మించినది. కుంగుబాటు ఆరు రెట్లకు చేరువ, మత్తు పదార్థముల వాడుక మూడు రెట్లకు మించినది. గడచిన సంగతి అడిగి వ్రాసికొన్న లెక్క గనుక ఇది కార్యకారణములను తిరుగులేకుండ నిరూపింపజాలదు. పరిశీలింపబడినవారు శ్వేతజాతివారు, లాటిన్ అమెరికా సంతతివారు, తెలుగువారు లేరు. అయినను తల్లి కన్నీరు, తండ్రి మౌనము బిడ్డ మనసుపై ఏమి చేయునో తెలిసికొనుటకు జాతిభేదము అడ్డురాదని మా నమ్మకము. ఆ దేశమున స్థిరపడిన మన కుటుంబములు వేలకువేలు గలవు.

మన తిరస్కారము తిట్టుగనే యుండనక్కరలేదు. "పెండ్లి చేసిన కుదురుకొనును" అనునది మనవారు మిక్కిలి ప్రేమతో చెప్పు మందు. కుదురుకొనక, ఇంకొకరి కూతురో కొడుకో కారణము తెలియకయే కన్నీళ్ళు కార్చిన యిండ్లు గలవు. ఒకరు దాచిన బరువు ఇద్దరిదగును. పిమ్మట కొడుకు త్రాగుచున్నాడని ఆ పెద్దలే వాపోవుదురు.

వైద్యుని వద్దకు కొనిపోయి మార్పించెదమనువారును కలరు. అనురక్తిని మార్చు చికిత్సను వృత్తిధర్మ విరుద్ధమని జాతీయ వైద్య కమిషను 2022లో ప్రకటించినది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను క్రింద వయోజనుల పరస్పరాంగీకార సంబంధము నేరము కాదని సుప్రీం కోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అనురక్తిని కారణముగ చూపి ఎవరికిని చికిత్సలో భేదము చూపరాదని స్పష్టముగ పలుకుచున్నది. వైద్యుని చూడవలసినది కుంగుబాటునకు, నిద్రలేమికి, త్రాగుడునకు, అనురక్తికి కాదు. ముందుగా మాటలాడ దలచినవారికి టెలిమానస్ అను ప్రభుత్వ సేవ 2022నుండి నడుచుచున్నది. దాని సంఖ్య 14416. తెలుగులోను మాటలాడవచ్చును, రుసుము లేదు, ఎవరి తరఫున వారే పిలువవచ్చును. బిడ్డను గూర్చి దిగులుపడు తల్లిదండ్రులును పిలువవచ్చును.