నాలా నీళ్లలో చదివిన అక్షరాలు



నేను చెప్పదలచుకున్నది ఒక్క సంగతే. రోగక్రిముల జన్యుక్రమం చదవడం మన ప్రయోగశాలలకు ఇవాళ కష్టమైన పనేమీ కాదు. ఆ చదివినదాన్ని, నమూనా ఏ వీధి నుంచి వచ్చిందో ఆ వీధికి వేళకు చేరవేయడమే మనకింకా సరిగా చేతకావడం లేదు.

చేతనైన సందర్భం ఒకటి చెబుతాను. మురుగునీటి పరీక్ష ఎలా జరుగుతుందో మీలో చాలామందికి తెలుసు. పొద్దున్నే పారుదల ఎక్కువగా ఉన్న వేళ లీటరు నీళ్లు సీసాలోకి తీసి, ఐసు పెట్టెలో పెట్టి పంపుతారు. 2016 మే నెలలో హైదరాబాద్ అంబర్‌పేటలో అలా తీసిన నీటిలో టైప్ 2 పోలియో వైరస్ బయటపడింది. దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో ఒక పాపది. 2014 మార్చిలో మనది పోలియో లేని దేశమని ధ్రువీకరణ కూడా వచ్చింది. మరి ఈ వైరస్ ఎక్కడిది?

సూక్ష్మదర్శినిలో చూస్తే వైల్డ్ వైరస్, చుక్కల మందులోని వైరస్ ఒక్కలాగే ఉంటాయి. తేడా జన్యుక్రమంలోని అక్షరాల్లో తెలుస్తుంది. ఈ వైరస్ పైపొరలో వీపీ1 అనే ప్రొటీన్ ఉంది. దాని జన్యుభాగంలో సుమారు 900 అక్షరాలు. మందులోని టైప్ 2తో పోల్చి చూసినప్పుడు అందులో 6 లేదా అంతకు మించి మారి ఉంటే, ఆ వైరస్ మనుషుల పేగుల్లో పెరుగుతూ చాలాకాలం తిరిగిందని లెక్క. ఏడాదికి దాదాపు 1 శాతం, అంటే తొమ్మిదో పదో అక్షరాలు మారతాయి కనుక, ఎన్ని నెలలుగా తిరుగుతోందో కూడా అంచనా కట్టవచ్చు.

సాహిత్యం చదివినవారికి ఈ పద్ధతి పరిచయమే. బ్రౌన్ దొర వేమన పద్యాల ప్రతులను సేకరించి పక్కపక్కన పెట్టి చేయించిన పని ఇదే. ఒకే చోట ఒకే తప్పు రెండు ప్రతుల్లో కనబడితే రెండింటికీ మాతృక ఒకటేనని పాఠపరిష్కర్త గ్రహిస్తాడు. వైరస్ తన ప్రతులను తానే తీసుకుంటూ చేసే తప్పులు మనకు అలాంటి ఆధారాలు.

హైదరాబాద్‌లో దొరికింది చుక్కల మందు నుంచే మారిన వైరస్ అని ఆ ఆధారాలతో తేలాక ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. దేశమంతటా చుక్కల మందులోంచి టైప్ 2ను తీసేసింది అదే ఏడాది ఏప్రిల్ 25న. మళ్లీ ఆ పాత చుక్కలే వేస్తే తీసేసిన వైరస్‌ను మన చేతులతో మనమే వదిలినట్టవుతుంది. అందుకని సూదిమందును ఎంచుకున్నారు. పూర్తి డోసులో ఐదో వంతు, 0.1 మిల్లీలీటరు, చేతి చర్మంలోకి ఇచ్చారు. జూన్ 20 నుంచి హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఆరు వారాలు నిండి మూడేళ్ల లోపు ఉన్న సుమారు 3 లక్షల మంది పిల్లలకు వేసేలా ఏర్పాటు చేశారు. జబ్బుపడిన బిడ్డ ఒక్కరూ కనబడలేదు. ఒక్క కాలైనా చచ్చుబడకముందే, నాలా చెప్పిన మాట విని, వారాల వ్యవధిలో సూది బిడ్డ దగ్గరికి చేరింది. ప్రజారోగ్యం అంటే నాకు ఇదే.

హైతీకి ఆ భాగ్యం దక్కలేదు. 2010 అక్టోబరులో ఆర్టిబొనైట్ నది వెంట కలరా మొదలైంది. నూరేళ్లుగా ఆ దేశంలో కలరా దాఖలా లేదు. ఎగువన ఐక్యరాజ్యసమితి శాంతిదళ శిబిరం నుంచి మలినాలు వాగులో కలుస్తున్నాయని మొదట్లోనే అక్కడివాళ్లు మొత్తుకున్నారు. ఆ శిబిరంలోకి కొత్తగా దిగింది నేపాల్ దళం. ఫ్రెంచి వైద్యుడు రెనో పియరూ కేసుల తేదీలను, ఊళ్లను పటం మీద పెట్టి అదే మాట చెప్పాడు. 2011లో 24 నేపాల్ నమూనాల జన్యుక్రమాన్ని హైతీ క్రిమితో పోల్చి చూస్తే, వాటిలో కొన్నింటికీ దానికీ తేడా ఒకటి రెండు అక్షరాలే. ఐక్యరాజ్యసమితి అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పింది 2016 డిసెంబరులో. అప్పటికి దాదాపు 10 వేల మంది పోయారు. ఆ ఊరివాళ్లు చెప్పింది మొదటి నుంచీ నిజమే. వాళ్ల మాట వినడానికి జన్యుక్రమం దాకా ఆగవలసిన పని లేదని నా గట్టి నమ్మకం.

మన దగ్గరికే వస్తే, 2021 మే నెలను ఎవరం మరిచిపోలేం. కరోనా వైరస్‌లో వచ్చిన ఎన్440కె అనే మార్పుకు ‘ఏపీ స్ట్రెయిన్’ అని పేరు తగిలించి ప్రచారం చేశారు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవారికి ఢిల్లీ ప్రభుత్వం 14 రోజుల క్వారంటైన్ పెట్టింది. ఆ రకం అప్పటికే తగ్గుముఖం పట్టిందని, వేరే రకాలు దాని చోటును ఆక్రమిస్తున్నాయని సీసీఎంబీ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. నిజంగా భయపడవలసింది బి.1.617 గురించి. అందులో ఒక శాఖకే తర్వాత డెల్టా అని పేరు పెట్టారు. కేంద్రం 2020 డిసెంబరులో 10 ప్రయోగశాలలతో కరోనా జన్యుక్రమ పరిశీలన కూటమి ఇన్సాకాగ్‌ను ఏర్పాటు చేస్తే, వాటిలో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ హైదరాబాద్‌లోవే. సమాచారం ఇంత దగ్గర ఉండి కూడా జనానికి పుకారే ముందు అందింది. వైరస్‌కు ఊరి పేరు పెట్టడం ఆ ఊరివాళ్లకు చేసే అన్యాయం. రేపు పరీక్షకు నమూనా ఇమ్మంటే వాళ్లు ఎందుకిస్తారు?

ఇంకొక మాట. సీసా మీద తేదీ, ఊరు, వయసు సరిగా రాయకపోతే కరోనా వైరస్ అక్షరాలు 30 వేలూ చదివినా అవి మనకేమీ చెప్పవు. ఆ వివరాలు రాసే ల్యాబ్ టెక్నీషియన్లలో ఎందరో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. యంత్రం కొనడానికి పడే ఆరాటంలో కొంతైనా వాళ్ల జీతాల కోసం పడదాం.

మధ్యాహ్నం చర్చాగోష్ఠిలో ఒక నివేదిక నమూనాను మనమే తయారుచేయాలని ప్రతిపాదిస్తున్నాను. ఒక్క పేజీ, తెలుగులో. ఏ తేదీన ఏ నాలా నుంచి నీళ్లు తీశారు, ఏం కనబడింది, ఈ వారం ఎవరు ఏం చేయాలి, అంతవరకే. జన్యుక్రమం అంతర్జాతీయ భాండాగారంలోకి ఎక్కిన రోజే ఆ కాగితం మున్సిపల్ ఆరోగ్యాధికారికి, ఆ వార్డు ఏఎన్‌ఎంకు అందాలి. చిత్తుప్రతి రాయడానికి ప్రయోగశాలల వాళ్లు ఇద్దరు, క్షేత్రంలో పనిచేసేవాళ్లు ఇద్దరు కావాలి. ముందుకొచ్చేవారు భోజనానికి లేచేలోపు కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వండి.